గంప ఎత్తేదెవరు, కొంప విడిచేదెవరు

'ఉత్తర చూసి ఎత్తర గంప, విశాఖ చూసి విడువర కొంప' అని సామెత. ఉత్తర కార్తె సెప్టెంబరు మధ్యలో వస్తుంది. అప్పటికీ వాన పడకపోతే ఆ ఏడు పంట మీద ఆశ వదులుకుని, గంప నెత్తిన పెట్టుకుని పొట్ట చేతపట్టుకుని పొమ్మని మొదటి సగం అర్థం. విశాఖ కార్తె నవంబరు మొదటి వారం చివర మొదలై మూడో వారం దాకా నడుస్తుంది. అది కూడా పొడిగా పోతే ఇల్లే వదిలెయ్యమని రెండో సగం చెప్తుంది. కరువును ముందుగా పసిగట్టే సూత్రంగా దీన్ని వ్యవసాయం గురించి రాసినవాళ్ళు చాలామంది ఉదహరించారు. వాళ్ళెవరూ ఆగి చూడని చోటు ఒకటుంది. అది ఆ క్రియాపదాల చివర ఉన్న 'ర'.

ఎత్తరా, విడువరా. సామెత మాట్లాడుతున్నది మగవాడితో. నిర్ణయం అతనిది, అతన్నే సంబోధిస్తోంది. కానీ మన పల్లెల్లో గంప ఎవరి నెత్తిన ఉంటుంది? పేడగంప, చేపలగంప, నాట్లకి మోసే నారు, వలసపోయేటప్పుడు గిన్నెలూ బొంతలూ సర్దిన గంప - ఇవన్నీ ఆడవాళ్ళ నెత్తి మీదే మనకి కనిపిస్తాయి. కొంప సంగతి సరేసరి. దాన్ని విడిచిపెట్టే స్వేచ్ఛ ఎవరికుందో, ఆఖరి నిమిషం దాకా దాన్ని కాపలా కాయవలసింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. వాతావరణ సూచన ఒకరికి, దాని బరువు మరొకరికి. గోదావరి డెల్టాలో వాన కబురు నడిచిన చరిత్రను ఈ చిన్న వ్యాకరణ విషయం పట్టుకుని చదవచ్చని నాకనిపిస్తుంది. ప్రతి సూచనకీ ఒక సంబోధన ఉంటుంది. ఆ సంబోధనలో మనం ఎక్కడున్నాం?

ముందు కార్తెల సంగతి చూద్దాం. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే కాలం ఒక్కో కార్తె. ఇరవై ఏడు కార్తెలు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. తిథులు చంద్రుణ్ణి బట్టి ఏటా ముందుకీ వెనక్కీ జరుగుతాయి గానీ, కార్తె సూర్యుడితో నడుస్తుంది కాబట్టి ప్రతి ఏడూ దాదాపు అదే తేదీకి వస్తుంది. అందుకే వ్యవసాయానికి పనికొచ్చింది. మృగశిర జూన్ 8 ప్రాంతంలో ప్రవేశిస్తుంది. నైరుతి రుతుపవనాలు కోస్తాకి చేరేదీ ఆ రోజుల్లోనే. 'మఖా పంచకం సదా వంచకం' అన్నారంటే మఖ మొదలుకుని అయిదు కార్తెల వానని నమ్ముకోవద్దని ఎన్నో తరాలు చూసి చెప్పిన మాట.

ఇందులో ఒక లెక్క నన్ను చాలా రోజులు పట్టి ఊపింది. నక్షత్రాలను బట్టి లెక్కించే సంవత్సరం, రుతువులను బట్టి నడిచే సంవత్సరం కన్నా ఇరవై నిమిషాలు పెద్దది. సుమారు డెబ్భై ఏళ్ళకి ఒక రోజు తేడా వస్తుంది. వెయ్యేళ్ళకి పద్నాలుగు రోజులు, అంటే ఒక కార్తె. రాజమహేంద్రవరంలో నన్నయ భారతం తెనిగించిన పదకొండో శతాబ్దంలో తొలకరి పడిన కార్తె వేరు, ఇవాళ పడే కార్తె వేరు. అయినా సామెతలు ఇవాళ్టి వానకి సరిపోతున్నాయంటే, దారిలో ఎవరో వాటిని సవరిస్తూ వచ్చారన్న మాట. చూసి, పోల్చి, పాత మాట కుదరకపోతే కొత్త మాట కట్టారు. మౌఖిక జ్ఞానం గడ్డకట్టిన నమ్మకం అనుకునేవాళ్ళకి ఈ లెక్కే జవాబు. ఆ సవరించినవాళ్ళకి పేర్లు లేవు. కెప్టెన్ ఎం.డబ్ల్యూ. కార్ అనే ఇంగ్లీషు అధికారి 1868లో మద్రాసులో తెలుగు సామెతలను పెద్ద సంపుటంగా అచ్చువేయించాడు. సేకర్త పేరు నిలిచింది. చెప్పినవాళ్ళు 'జనం' అయిపోయారు.

ఆ జనంలో ఆడవాళ్ళు ఉన్నారనడానికి సామెతల్లోనే ఆనవాళ్ళున్నాయి. 'రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి' అన్నది తెలుగువాళ్ళందరికీ తెలుసు. మే చివరి ఎండని కొలవడానికి ఎంచుకున్న వస్తువేమిటో చూడండి. నాగలి కాదు, బండి చక్రం కాదు. వాకిట్లోనో పెరట్లోనో ఎండకి పడి ఉన్న రోలు. దాని రాయి ఎంత కాలిందో ముట్టుకుని చెప్పగలిగింది ఎవరు? ఈ సామెత పుట్టింది దంపుళ్ళు దంచిన చెయ్యి దగ్గరే అని నేను రుజువు చెయ్యలేను గానీ, దానికి వేరే చిరునామా కూడా ఎవరూ చూపించలేరు.

డెల్టాలో కార్తెల పెత్తనం పందొమ్మిదో శతాబ్దం మధ్యలో కొంత తగ్గింది. 1847లో మొదలై 1852కి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో కాలవల కింద ఉన్న పొలాలకి తొలకరి కోసం ఆకాశం కేసి చూడవలసిన అవసరం సడలింది. సార్వా, దాళ్వా రెండు పంటలయ్యాయి. భయం మాత్రం పోలేదు, నెల మార్చుకుంది. వాన రాదేమో అన్న భయం మెట్టకి మిగిలింది. పల్లానికి, వాన రాకూడని రోజున వస్తుందేమో అన్న భయం పట్టుకుంది. అక్టోబరు, నవంబరుల్లో కోసిన పనలు చేలో ఉండగా బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే వెన్నులు నీళ్ళలో మొలకలెత్తుతాయి. ఇక వరద ఇక్కడి మబ్బుని చూస్తే తెలిసేది కాదు. త్రయంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచొచ్చే నది ఇది. ప్రాణహిత మీద, ఇంద్రావతి మీద, శబరి మీద పడిన వాన మన లంకల్ని ముంచుతుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన నీరు, భద్రాచలం దగ్గర 75.6 అడుగులకి లేచిన గోదావరి, ఇప్పటికీ చెక్కుచెదరని రికార్డులు. 2022 జులైలో భద్రాచలం దగ్గర మళ్ళీ 71.3 అడుగులు వచ్చింది. 'మొదటి ప్రమాద హెచ్చరిక' అంటే ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. లంక గ్రామాల పిల్లలకి ఈ అంకెలు ఎక్కాల్లాగా వచ్చు.

నాగలి దగ్గర పనికొచ్చే సూచనకి పదిహేను రోజుల కొలత ఉంది. ఇంట్లో పనికొచ్చే సూచనకి కొలత గంటలు. వడియాలు పెట్టాలా? మిరపకాయలు మేడ మీద పోయాలా? ఉడకబెట్టిన ధాన్యం ఈ పూట ఆరుతుందా? తీరం వెంట ఉప్పాడ నుంచి అంతర్వేది దాకా ఎండుచేపల పని చేసే ఆడవాళ్ళకి ఇది కూలీకీ నష్టానికీ మధ్య గీత. ఇసకలో పరిచిన చేప మీద ఒక్క జల్లు పడితే పురుగు పడుతుంది. ఆత్రేయపురంలో మామిడితాండ్ర పొరమీద పొర వేసి ఆరబెట్టే పనిలోనూ అంతే. ఈ పనులన్నీ 'ఎండ' అనే ఉచిత యంత్రం మీద నడుస్తాయి. ఆ యంత్రం ఎప్పుడు ఆగుతుందో కనిపెట్టడం కూడా పనిలో భాగమే. ఆ భాగానికి కూలి లేదు, పేరూ లేదు.

మా అమ్మమ్మ వడియాల పిండి కలిపేముందు ఉప్పు జాడీ మూత తీసి చూసేది. రాళ్ళ ఉప్పు తడిగా, చేతికి అంటుకునేలా ఉంటే పిండి కలిపేది కాదు. దీన్ని చాదస్తం అనుకోవడం తేలిక. కానీ ఉప్పు చేస్తున్నది కచ్చితమైన పని. శుద్ధమైన ఉప్పు చుట్టూ గాలిలో తేమ సుమారు 75 శాతం దాటగానే నీటిని పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. మన తీరంలో పండే ముడి ఉప్పులో మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి కాబట్టి అది ఇంకా ముందే చెమ్మగిల్లుతుంది. అంటే ఆ జాడీ ఒక తేమమాపకం. యూరప్‌లో 1783 నాటికి సొస్యూర్ అనే శాస్త్రవేత్త మనిషి తలవెంట్రుకతో తేమమాపకం చేశాడు. తేమ ఎక్కితే వెంట్రుక కొద్దిగా సాగుతుంది, ఆరితే కుదించుకుపోతుంది. చాలాకాలం వాతావరణ కేంద్రాల్లో వెంట్రుక పరికరాలే తేమను రాసిపెట్టాయి. వెంట్రుకకి శాస్త్ర చరిత్రలో ఒక పేజీ దొరికింది. ఉప్పు జాడీ వంటింట్లోనే ఉండిపోయింది.

ఇంకో సంగతి. జాడీలో జరిగేదీ మబ్బులో జరిగేదీ ఒకటే. గాలిలో ఆవిరి తనంతట తాను చుక్కగా మారలేదు, పట్టుకోవడానికి ఒక రేణువు కావాలి. సముద్రం మీద అలలు విరిగినప్పుడు గాలిలోకి లేచే ఉప్పు రేణువులు అందుకు బాగా పనికొస్తాయి. వాటి చుట్టూ ఆవిరి చేరి మబ్బు చుక్కలవుతాయి. ఒక్కో మబ్బు చుక్క మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉంటుంది. అంత తేలికైనది కింద పడదు, తేలుతుంది. రెండు మిల్లీమీటర్ల వాన చినుకు తయారవాలంటే అలాంటివి పది లక్షలు కలవాలి. పెద్ద ఉప్పు రేణువు మీద పుట్టిన పెద్ద చుక్క కిందికి జారుతూ చిన్నవాటిని కలుపుకుంటూ పెరుగుతుంది. మన సముద్రం మీది వెచ్చటి మబ్బులు మంచు లేకుండానే కురవగలిగేది ఇలాగే. ఇంకా ఎత్తుకి, గడ్డకట్టే చలిలోకి పెరిగిన కారుమబ్బుల్లో మంచు పలుకులు పెరిగి, కిందికొస్తూ కరిగి చినుకులవుతాయి. ఉరుములు, వడగళ్ళు ఆ మబ్బులవే.

ఇంగ్లాండులో ల్యూక్ హోవర్డ్ 1802లో మబ్బులకి లాటిన్ పేర్లు పెట్టాడు. ప్రపంచమంతా అవే వాడుతోంది. అయితే ఆ పేర్లు మబ్బు ఆకారాన్ని చెప్తాయి. మన మాటలు ఎక్కువగా వాన నడవడికను చెప్తాయి: తుంపర, జల్లు, జడి, ముసురు, కుంభవృష్టి. 'ముసురు' అన్న మాటనే తీసుకోండి. ఆకాశమంతా ఒకే బూడిదరంగు పొర, ఉరుము లేదు, పెద్ద చినుకు లేదు, ఆగడమూ లేదు. ఉతికిన బట్ట ఆరదు, కట్టె అంటుకోదు, పసిపిల్ల తొట్టెలో గుడ్డలు మూడు రోజుల దాకా చెమ్మే. ఈ మాటలో ఇంటి లోపలి నుంచి చూసిన వాన ఉంది. 'వరదగుడి' మరో మంచి మాట. చంద్రుడి చుట్టూ కట్టే వలయం. ఇకారానికి రాసే గుడి కూడా ఇదే గుండ్రని గుడి కదా. దూరంగా గుడి కడితే వాన దగ్గర అంటారు. చాలా ఎత్తున మంచు పలుకులున్న పల్చటి మబ్బుపొర కమ్మినప్పుడు చంద్రుడి చుట్టూ 22 డిగ్రీల దూరాన పెద్ద వలయం కనిపిస్తుంది. వాయుగుండానికి ముందు విచ్చుకునేది చాలాసార్లు ఆ పొరే. చంద్రుణ్ణి అంటిపెట్టుకుని కనిపించే చిన్న గుడి నీటిచుక్కల మబ్బు పని, దాని దారి వేరు. పెద్ద గుడినీ చిన్న గుడినీ విడదీసి చూసిన కన్ను మామూలు కన్ను కాదు.

ఇప్పుడు కాయితం మీది చరిత్రకి వద్దాం. అది మన డెల్టా అంచునే మొదలైంది. కాకినాడకి దక్షిణాన ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే రేవు. 1789 డిసెంబరులో గాలివానతో పాటు సముద్రం మూడు పెద్ద అలలుగా ఊరి మీదికి వచ్చింది. సుమారు ఇరవై వేలమంది పోయారని చెప్తారు. 1839 నవంబరులో మళ్ళీ ఉప్పెన. కలకత్తాలో ఓడల ప్రమాదాలను విచారించే పనిలో ఉన్న హెన్రీ పిడ్డింగ్టన్ బంగాళాఖాతం తుఫానుల వివరాలు పోగుచేస్తూ కోరంగి ఉప్పెన గురించీ రాశాడు. పాము చుట్టను సూచించే గ్రీకు మాట నుంచి 'సైక్లోన్' అన్న పదం తయారుచేసిందీ ఆయనే. 1848లో అచ్చయిన ఆయన పుస్తకం పేరులోనే నావికుడున్నాడు. గాలి ఏ దిక్కు నుంచి వీస్తోందో చూసి తుఫాను కేంద్రం ఎటుందో పోల్చుకుని ఓడని తప్పించుకునే విద్య అది. ఓడ ఉన్నవాడికి పనికొచ్చే విద్య.

ఆ విద్యలోని సూత్రం మాత్రం ఒడ్డున ఉన్నవాళ్ళకే ఎక్కువ అవసరం. మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. తూర్పు నుంచి వచ్చి మన తీరం దాటే తుఫానుకి ఉత్తరం పక్క ఉన్న ఊళ్ళలో గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది, ఉప్పెనని తోసుకొస్తుంది. దక్షిణం పక్క గాలి నేల నుంచి సముద్రం వైపు పోతుంది. నడుమ 'కన్ను' మీదుగా దాటితే గాలి ఒక్కసారి ఆగిపోతుంది. వాన తెరిపిస్తుంది. గండం గడిచిందని బయటికొచ్చి దూడ కోసమో, ఎగిరిపోయిన రేకు కోసమో వెతుక్కునేవాళ్ళని, కొంతసేపటికి ఎదురు దిక్కు నుంచి వచ్చే గాలి కొడుతుంది.

1864లో కలకత్తాని తుఫాను కొట్టాక 1865లో అక్కడి రేవులో హెచ్చరిక పద్ధతి పెట్టారు. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. దాని మొదటి అధిపతి బ్లాన్‌ఫోర్డ్ హిమాలయాల మంచుని చూసి రుతుపవనాలు ఎలా ఉంటాయో చెప్పే సూచనను 1886లో వెలువరించాడు. అది కరువుకీ శిస్తుకీ లెక్కలు కట్టుకునే సర్కారుకి చేరింది. అంటే మొదట ఓడలకి, తర్వాత దొరలకి. రైతులకోసం రేడియోలో వాతావరణ వార్తలు 1945లో మొదలయ్యాయి. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరులో వచ్చాక ఆ కబురు తెలుగులో మన ఇళ్ళకి చేరింది. 'ఒకటి రెండు చోట్ల', 'కొన్ని చోట్ల', 'చాలా చోట్ల' అన్న మాటల్ని మనం నవ్వులాటకి వాడుకున్నాం గానీ, వాటికి లెక్కలున్నాయి. వానమాపకాలున్న కేంద్రాల్లో నాలుగో వంతు లోపు పడితే ఒకటి రెండు చోట్ల, సగం దాకా అయితే కొన్ని చోట్ల, ముప్పాతిక దాకా అయితే చాలా చోట్ల. 'భారీ వర్షం' అంటే ఒక రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటడం. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకి ఒక లీటరు నీళ్ళు. పది చదరపు మీటర్ల వాకిట్లో భారీ వర్షం అంటే 645 లీటర్లు. ఇలా బిందెల లెక్కలో చెప్తే ఎవరికి ముందు అర్థమవుతుందో ఊహించండి. కానీ గ్రామీణ కార్యక్రమాల్లో పిలుపు 'రైతు సోదరులకు' అనే వినిపించేది. నాట్లు వేసేదీ, కలుపు తీసేదీ ఆడకూలీలు. 'రేపు భారీ వర్షం' అన్న వార్త ఆసామికి కోత తొందరపెట్టే సమాచారం. కూలిమనిషికి అదే వార్త ఒక రోజు రెట్టింపు చాకిరీ, తర్వాత నాలుగు రోజులు పని లేకపోవడం. ఆ రెండో అర్థాన్ని ఏ బులెటినూ చదవలేదు.

కొలిచే పరికరాల వెనక ఒక స్త్రీ ఉందని మనలో ఎంతమందికి తెలుసు? తిరువాన్కూరులో 1918లో పుట్టిన అన్నా మణి బెంగుళూరులో సి.వి. రామన్ దగ్గర వజ్రాల మీద పరిశోధన చేసింది. 1945లో సిద్ధాంత వ్యాసం ఇచ్చింది. ఎం.ఎస్సీ. డిగ్రీ లేదన్న కారణంతో మద్రాసు విశ్వవిద్యాలయం డాక్టరేటు ఇవ్వలేదు. లండన్‌లో వాతావరణ పరికరాలు నేర్చుకుని 1948లో పూనాలో వాతావరణ శాఖలో చేరింది. అప్పటిదాకా విదేశాల నుంచి తెప్పించుకునే పరికరాలను ఇక్కడే తయారుచేయించడానికి వందకి దగ్గరగా పరికరాల నమూనాలను ప్రామాణికం చేసింది. 1976లో డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా రిటైరైంది, 2001లో కన్నుమూసింది. కొలత తప్పైతే దానిమీద కట్టిన జోస్యమూ తప్పే అన్నది ఆమె పని అంతటికీ ఆధారం. రోలు ముట్టుకుని ఎండని చెప్పిన చెయ్యికీ, పరికరం దిద్దిన ఈ చెయ్యికీ మధ్య ఏ తెలుగు శాస్త్ర గ్రంథమూ దారి వెయ్యలేదు. ఆ దారి మనమే వేసుకోవాలి.

సాహిత్యంలో ఈ దారి ఒకచోట కనిపిస్తుంది. పశ్చిమ గోదావరి మనిషి పాలగుమ్మి పద్మరాజు రాసిన 'గాలివాన'కి 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. నియమాలతో, వేదాంతంతో జీవితాన్ని సర్దిపెట్టుకున్న రావుగారు ఒక తుఫాను రాత్రి రైల్వేస్టేషన్లో వణికిపోతాడు. ఆయన్ని ఆ రాత్రి నిలబెట్టేది ఒక ముష్టి మనిషి. తెల్లారేసరికి ఆమె చనిపోయి ఉంటుంది, చేతిలో ఆయన పర్సు ఉంటుంది. ఈ కథని విమర్శకులు రావుగారి అంతర్మథనంగా చదివారు. నిజానికి కథలో గాలివానలో ఏం చెయ్యాలో తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆమె. ఆమెకి ఏ హెచ్చరికా అందలేదు. ఆమెకి ఆశ్రయం లేదు కాబట్టి ఆకాశం తెలుసు. కథ ఆ తెలివిని చూపించింది గానీ ఆమెకి పేరు పెట్టలేదు, బతకనివ్వలేదు. మారుతున్న రావుగారి కోసం ఆమె పోవలసి వచ్చింది. సంబోధన ఇక్కడా మగవాడికే.

కథలోంచి నిజమైన తుఫానుకి వస్తే 1996 నవంబరు 6 సాయంత్రం ఎదురవుతుంది. సరిగ్గా విశాఖ కార్తె గుమ్మంలో కాకినాడకి దక్షిణాన ఒక తీవ్రమైన తుఫాను తీరం దాటింది. కోనసీమలో కొబ్బరిచెట్లు వేలకి వేలు నేలకూలాయి. వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఇంకా ఎంతోమంది జాడ తెలియలేదు. వాళ్ళలో ఎక్కువమంది వేటకి వెళ్ళిన మత్స్యకారులు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్ళు మగవాళ్ళని పోగొట్టుకున్నాయి. అంతకు ముందు 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేలమందిని తీసుకుపోయింది. అదీ విశాఖ కార్తె చివరే. 'విశాఖ చూసి విడువర కొంప' అన్న మాటకి కరువు అర్థమే పెద్దలు చెప్తారు. తీరాన నిలబడి చదివితే నాకు మాత్రం అందులో ఉప్పెన కూడా వినిపిస్తుంది.

తిరిగిరాని పడవల గురించి ఒడ్డున ఉన్న ఆడవాళ్ళకి ఏం మిగులుతుంది? చనిపోయినట్టు శవం లేదు. ఏడేళ్ళు కనిపించకపోతే గానీ మనిషి చనిపోయినట్టు భావించరాదన్నది మన సాక్ష్య చట్టం. ప్రభుత్వం ప్రత్యేకంగా పూనుకుంటే తప్ప, ఆ ఏడేళ్ళూ ఆమె భార్యా కాదు, వితంతువూ కాదు. పింఛను కాయితం మీద ఏ గడిలో టిక్కు పెట్టాలో తెలియని మనిషి. వాతావరణ చరిత్రలు గాలి వేగంతో మొదలై మృతుల సంఖ్యతో ముగుస్తాయి. ఆ తర్వాతి ఏడేళ్ళు వాతావరణంలోకి రావా?

ఉప్పెన ఊళ్ళోకి వచ్చినచోట లెక్క మారిపోతుంది. 1991 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ తుఫానులో సుమారు లక్షా నలభై వేలమంది పోయారు. చనిపోయినవారిలో మగవాళ్ళకన్నా ఆడవాళ్ళు చాలా ఎక్కువని తర్వాతి అధ్యయనాలు చెప్పాయి. హెచ్చరిక విన్నా భర్త వచ్చి చెప్పేదాకా కదలలేకపోవడం, పసిపిల్లలు, నీళ్ళలో కాళ్ళకి చుట్టుకునే చీర, మగవాళ్ళతో నిండిన తుఫాను షెల్టర్లో మరుగు లేకపోవడం - కారణాలు ఇవి. వీటిలో ఒక్కటి కూడా ఆకాశంలో లేదు.

కాకినాడ లాంటి రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. పది మహా ప్రమాదం. పదకొండు గురించి చాలామందికి తెలియదు. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, స్థానిక అధికారి తన సొంత అంచనాతో ప్రమాదం ఉందని భావిస్తున్నాడు అని దానర్థం. మన ఆడవాళ్ళు తరతరాలుగా బతికింది ఈ పదకొండో నంబరు కిందే. ఏ కేంద్రం నుంచీ కబురు రాదు, ఉన్న జ్ఞానంతో తామే తేల్చుకోవాలి. తేడా ఏమిటంటే రేవు అధికారి మాటకి జెండా ఎగురుతుంది, వీళ్ళ మాటకి ఇల్లు కదలదు.

మార్పు రాలేదని అనను. 1999 ఒడిశా తుఫానులో పదివేలమంది దాకా పోతే, 2013లో ఫైలిన్‌కి ముందే లక్షలమందిని తరలించి ప్రాణనష్టాన్ని పదుల్లోకి తేగలిగారు. ఉపగ్రహాలు, మచిలీపట్నం, విశాఖల్లోని డాప్లర్ రాడార్లు, రోజుల ముందే దారి చెప్పే లెక్కలు - వీటిని చిన్నచూపు చూసి జాడీ ఉప్పే గొప్పదనడం మూర్ఖత్వం అవుతుంది. ఉప్పు జాడీ గంటలు చెప్పగలదు, వాయుగుండం దారి చెప్పలేదు. పేర్ల విషయంలోనూ మార్పుంది. అమెరికాలో 1953 నుంచి పాతికేళ్ళపాటు తుఫానులన్నిటికీ ఆడపేర్లే పెట్టారు. అక్కడి స్త్రీవాదులు పోట్లాడాక 1979 నాటికి మగపేర్లూ చేరాయి. మన సముద్రంలో పేర్లు పెట్టడం 2004లో మొదలైంది. లైలా, హెలెన్ వచ్చాయి. 2020 జాబితాకి పేర్లు లింగ భేదం లేనివై ఉండాలన్న నియమం పెట్టారు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. చేలో పంట ఉన్న రోజులే మళ్ళీ.

ఇప్పుడు హెచ్చరిక ఫోనులోకి వస్తోంది. పిడుగు పడబోతోందని కూడా మెసేజి వస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో, తాము వాడుకునే సొంత ఫోను ఉన్న ఆడవాళ్ళు దేశంలో 54 శాతం. ఫోను ఉన్నా అది నాట్ల మడిలో వంగి ఉన్నప్పుడు గట్టు మీది సంచిలో ఉంటుంది. సందేశం వచ్చినా 'నడు గట్టెక్కుదాం' అనగలిగే హక్కు కూలికి ఉండాలి. చివరికి మళ్ళీ ఆ 'ర' దగ్గరికే వచ్చాం. శాస్త్రం చాలా దూరం నడిచింది, సంబోధన మాత్రం ఉన్నచోటే ఉంది.

స్త్రీ శక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, పోరాటంలో ఉన్న ఆడవాళ్ళ మాట వినడానికి ఒక పద్ధతి నేర్పింది. ఆ పద్ధతిని వాన దగ్గరికి తీసుకెళ్ళమని సాహిత్యంలో, చరిత్రలో పనిచేసే మనవాళ్ళని అడుగుతున్నాను. ఏ గాలి వీస్తే చేపలు ఎత్తేస్తారు? 1986 వరదలో అటక మీదికి మొదట ఏం ఎక్కించారు? హెచ్చరిక విన్నాక ఇంట్లో ఎవరు ఏమన్నారు, ఎవరి మాట నెగ్గింది? ఈ చివరి ప్రశ్న ఏ వాతావరణ రిజిస్టరులోనూ లేదు. 1986ని, 1996ని పెద్ద వయసులో చూసిన ఆడవాళ్ళు లంకల్లోనూ తీరం ఊళ్ళలోనూ ఇంకా ఉన్నారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళడానికి మన చేతిలో ఉన్న కార్తెలు ఎక్కువ లేవు.